దెబ్బతిన్న కారు – యజమాని హక్కు

రహదారిపై కారు ప్రమాదమునకు గురియైనప్పుడు యజమాని మనస్సు కుదుటగా ఉండదు. మనుష్యులకు గాయములు తగులలేదని తెలిసిన పిదప ఆతనికి మొదట తోచు ప్రశ్న ఒక్కటే: ఈ బండిని ఎక్కడకు తీసికొని పోవలెను? ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు చుట్టును పలువురు సిద్ధముగా ఉందురు. బండిని లాగుకొని పోవుటకు వచ్చినవాడు తనకు తెలిసిన షెడ్డు పేరు చెప్పును. బీమా కంపెనీవారు తమ జాబితాలోని గ్యారేజీ పేరు చెప్పుదురు. కారు అమ్మిన షోరూమువారు, బండి మా యొద్దకు రానిచో వారంటీ పోవునందురు. ఇంటి ప్రక్కనున్న మెకానిక్కు పదేండ్లుగా ఆ బండి పోకడ ఎరిగినవాడు. ఇందరిలో ఎవరి మాట వినవలెను? అసలు నిర్ణయించు హక్కు ఎవరిది?

హక్కు యజమానిదే. బండి ఆతనిది, దానిని ఎవరిచేత బాగు చేయించుకొనవలెనో నిర్ణయించువాడును ఆతడే. అయితే ఈ హక్కునకు ఒక హద్దు కలదు. బాగుచేయు చోటును ఎంచుకొనుట యజమాని పని. ఆ పనికి తాము చెల్లింపవలసిన దెంతయో లెక్క కట్టుట బీమా కంపెనీవారి పని. ఈ రెండును వేరువేరు సంగతులు. వీనిని ఒక్కటిగా భావించుట వలననే పెక్కు చిక్కులు పుట్టుచున్నవి. కొందరు తమకు హక్కే లేదనుకొని, చెప్పిన చోటికెల్ల పోవుదురు. మరికొందరు హక్కున్నది గదా యని, ఎవరికిని చెప్పకుండ బండి విప్పించి, పిమ్మట డబ్బు రాలేదని వాపోవుదురు. ఈ రెండు పొరపాట్లకును లోనుగాకుండ నడచుకొను విధమును ఇచట వివరింపదలచినాము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ప్రైవేటు కారునకు తప్పనిసరియైనది తృతీయ పక్ష బీమా మాత్రమే. థర్డ్ పార్టీ బీమా యని అందరును వ్యవహరించునది ఇదియే. మన బండి వలన పరులకు కలిగిన నష్టమును ఇది భరించును గాని, మన బండికి తగిలిన దెబ్బను భరింపదు. మన బండి నష్టమునకు వేరుగ సొంత నష్టపు బీమా ఉండవలెను. రెండును కలిసిన దానిని ప్యాకేజి పాలసీ యందురు. కేవలము థర్డ్ పార్టీ బీమా మాత్రమే కలవాడు తన డబ్బుతో తనకిష్టమైన చోట బాగు చేయించుకొనును. తప్పు ఎదుటి బండివానిదైనచో, ఆతని మీదను, ఆతని బీమా కంపెనీ మీదను నష్టపరిహారము కోరుచు మోటారు ప్రమాదముల ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. అందుకు మరమ్మతు బిల్లులును, ఫోటోలును ఆధారములు కావున వానిని భద్రపరచుకొనవలెను. ఇక మిగిలిన మాటలన్నియు సొంత నష్టపు బీమా ఉన్నవారిని గూర్చినవి.

బీమా పాలసీ ఒక ఒప్పందము. మన దేశమున ప్రైవేటు కార్ల పాలసీలకు మూలమైన షరతుల పాఠము 2002 నాటి మోటారు టారిఫ్ నందు కలదు. 2007 జనవరి 1 నుండి సొంత నష్టపు ప్రీమియము ధరలపై కట్టుబాటు తొలగినను, ఆ షరతుల మాటలు చాల వరకు నేటికిని పాలసీలలో కానవచ్చుచున్నవి. ఆ మూల పాఠములో ఫలానా గ్యారేజీకే బండి తీసికొని పోవలెనను షరతు లేదు. బండి కదలలేని స్థితిలో ఉన్నచో దానిని దగ్గరలోనున్న మరమ్మతుదారు వద్దకు చేర్చుటకును, తిరిగి యజమానికి అప్పగించుటకును అగు న్యాయమైన ఖర్చును, ఒక్కొక్క ప్రమాదమునకు మొత్తము 1,500 రూపాయలకు మించకుండ, కంపెనీ భరించునని మాత్రము ఉన్నది.

అదే పాఠములో మరియొక నియమము కలదు. మరమ్మతు అంచనా 500 రూపాయలకు లోబడి ఉన్నచో, వివరమైన అంచనా పట్టికను వెంటనే కంపెనీకి పంపి, యజమానియే పని మొదలుపెట్టింపవచ్చును. నేటి ధరలలో 500 రూపాయలకు కారు ప్రక్క అద్దము కూడ రాదు. అనగా, ఏ కొద్దిపాటి ప్రమాదమైనను కంపెనీకి తెలియపరచిన తరువాతనే పని మొదలుపెట్టవలెనని దీని సారాంశము. ఇంకొక షరతు ననుసరించి, కంపెనీ తన ఇష్టము మీద బండిని తానే బాగు చేయింపవచ్చును, లేదా మార్చి ఇయ్యవచ్చును, లేదా నష్టమును డబ్బు రూపమున చెల్లింపవచ్చును. సామాన్యముగ డబ్బు చెల్లించుటయే ఆచారము. అయినను ఈ షరతు ఉన్నదని యజమాని ఎరిగియుండుట మేలు.

ఇక క్యాష్‌లెస్ పద్ధతి. కొన్ని గ్యారేజీలతో బీమా కంపెనీలు ముందుగనే ఏర్పాటు చేసికొనియుండును. బండిని అచ్చట ఇచ్చినచో, కంపెనీ తన వంతును నేరుగ గ్యారేజీకి చెల్లించును. యజమాని తన వంతు మాత్రము ఇచ్చి బండి తెచ్చుకొనును. చేతిలో డబ్బు లేనివారికి ఇది గొప్ప సదుపాయము. కాని సదుపాయము వేరు, నిర్బంధము వేరు. జాబితాలో లేని షెడ్డులో బాగు చేయించుకొన్నచో, యజమాని మొదట బిల్లు చెల్లించి, రసీదులు కంపెనీకి సమర్పించి, తనకు రావలసినది తిరిగి పొందును. తేడా డబ్బు చేతులు మారు విధములోనే గాని, బీమా హక్కులో కాదు. “మా జాబితాలో లేని చోట చేయించినచో క్లెయిం రాదు” అని ఎవరైన నోటి మాటగ చెప్పినచో, ఆ షరతు పాలసీలో ఎచ్చట ఉన్నదో వ్రాతమూలముగ చూపుడని అడుగవలెను.

అయితే ఇచట ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. ప్రీమియములో తగ్గింపు ఇచ్చుచో, తరుగుదల కోత లేని జీరో డిప్రిసియేషన్ వంటి అదనపు రక్షణ ఇచ్చుచో, కొన్ని పాలసీలలో నిర్ణీత గ్యారేజీలలోనే బాగు చేయింపవలెనను షరతు ఉండవచ్చును. అట్టి షరతునకు ఒప్పుకొని తగ్గింపు పొందినవాడు పిమ్మట దానిని కాదనుట కష్టము. కావున షెడ్డును ఎంచుకొను హక్కును కాపాడుకొనవలసినది ప్రమాదము నాడు కాదు. పాలసీ కొను నాడే.

ప్రమాదము జరిగిన తరువాత ఏ పని ముందు, ఏ పని వెనుక? గాయపడినవారికి చికిత్స చేయించుట అన్నిటికంటె ముందు. ఎవరికైన గాయమైనను, పరుల ఆస్తికి నష్టము కలిగినను, చట్ట ప్రకారము 24 గంటల లోపల పోలీసులకు తెలుపవలెను. పిదప బండిని కదల్పక ముందే నలువైపుల నుండి ఫోటోలు తీసికొనవలెను. బీమా కంపెనీకి వెంటనే తెలియజేసి, వారిచ్చిన క్లెయిం సంఖ్యను వ్రాసికొనవలెను. దెబ్బతిన్న బండిని అట్లే నడుపుకొని పోరాదు. బాగు చేయింపక నడుపుట వలన నష్టము పెరిగినచో, ఆ పెరిగిన నష్టము యజమాని నెత్తిననే పడునని పాలసీ స్పష్టముగ చెప్పుచున్నది. రేడియేటరు కారుచున్న బండిని నాలుగు మైళ్ళు నడిపి ఇంజను పాడుచేసికొన్నవానికి ఇంజను ఖర్చు రాదు.

బండిని లాగుకొని పోవువాని కాగితముపై సంతకము చేయక ముందు దానిని చదువవలెను. అది బండిని చేర్చుటకు మాత్రమేనా, మరమ్మతు మొదలుపెట్టుటకు కూడ అనుమతియా అని చూడవలెను. తొందరలో ఒక షెడ్డులో దింపిన బండిని మరియొక చోటికి మార్చుకొను స్వేచ్ఛ యజమానికి ఎల్లప్పుడును కలదు. కాని అప్పటికే పని జరిగినచో, ఆ పనికి న్యాయముగ రావలసిన కూలి ఇచ్చు వరకు బండిని నిలుపుకొను హక్కు పనివానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టము 170వ సెక్షను ఇచ్చుచున్నది. అందువలన, సర్వే ముగియునంత వరకు బండిని విప్పరాదని షెడ్డువారికి వ్రాసి ఇచ్చుట మంచిది.

షెడ్డువారు వివరమైన అంచనా వ్రాసి ఇత్తురు. ఏ భాగము మార్చవలెను, ఏ భాగము టింకరింగుతో సరిపోవును, రంగునకు ఎంత, కూలి ఎంత అని విడివిడిగ ఉండవలెను. దానిని కంపెనీకి పంపిన పిమ్మట సర్వే జరుగును. నష్టము 50,000 రూపాయలకు మించినచో లైసెన్సు గల సర్వేయరు పరీక్షింపవలెను. హైదరాబాదులో ప్రధాన కార్యాలయము గల బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థవారు 2024 జూను నెలలో వెలువరించిన ఉత్తరువుల ప్రకారము, క్లెయిం తెలిపిన 24 గంటల లోపల సర్వేయరును నియమింపవలెను. 15 దినములలో ఆతని నివేదిక అందవలెను. నివేదిక అందిన 7 దినములలో కంపెనీ తన నిర్ణయమును తెలుపవలెను. యజమాని ఎంచుకొన్న షెడ్డు చిన్నదైనను, పెద్దదైనను ఈ గడువులు ఒక్కటే.

కంపెనీ ఎంత ఇచ్చును? బిల్లంతయు ఇచ్చునని తలచుట పొరపాటు. రబ్బరు, నైలాను, ప్లాస్టిక్ భాగములకును, టైర్లు, ట్యూబులు, బ్యాటరీ, ఎయిర్ బ్యాగులకును తరుగుదల క్రింద 50 శాతము కోయుదురు. ఫైబరు గ్లాసు భాగములకు 30 శాతము. అద్దములకు కోత లేదు. లోహపు భాగములకు బండి వయస్సును బట్టి కోత ఉండును: మొదటి ఆరు నెలలు ఏమియు లేదు, ఏడాది లోపల 5 శాతము, రెండేండ్ల లోపల 10, మూడేండ్ల లోపల 15, నాలుగేండ్ల లోపల 25, ఐదేండ్ల లోపల 35, పదేండ్ల లోపల 40, ఆపైన 50. రంగు ఖర్చులో నాలుగవ వంతును సరకుగ లెక్కించి, అందులో సగము కోయుదురు. చివరకు, 1,500 సి.సి. వరకు ఇంజను గల కార్లకు 1,000 రూపాయలు, అంతకు మించిన వానికి 2,000 రూపాయలు యజమాని తప్పనిసరిగ భరింపవలెను.

ఒక లెక్క వేసి చూతము. రెండున్నర ఏండ్ల వయస్సు గల చిన్న కారునకు ముందు బంపరు 8,000, లోహపు ఫెండరు 6,000, ముందు అద్దము 7,000, రంగు 8,000, కూలి 5,000, వెరసి 34,000 రూపాయలు అయినదనుకొందము. పన్నులను ప్రస్తుతము ప్రక్కన ఉంతము. బంపరు ప్లాస్టిక్ కావున 4,000 వచ్చును. ఫెండరునకు 15 శాతము పోగా 5,100. అద్దమునకు పూర్తిగ 7,000. రంగులో సరకు 2,000. అందు సగము పోగా 7,000. కూలి 5,000. మొత్తము 28,100. ఇందు 1,000 తీసివేయగా కంపెనీ వంతు 27,100. యజమాని వంతు 6,900. జీరో డిప్రిసియేషన్ రక్షణ లేనిచో, ఇంచుమించు ఈ కోతలు బండిని ఎచ్చట ఇచ్చినను తప్పవు. “మా గ్యారేజీలో చేయించిన మీ చేతి డబ్బు పడదు” అను మాటను ఈ లెక్కతో సరిచూచుకొనవలెను.

క్లెయిం చేసినచో, క్లెయిం లేని సంవత్సరములకు ప్రీమియములో లభించు నో క్లెయిం బోనసు పోవును. అది 20 శాతముతో మొదలై 50 శాతము వరకు పెరుగును. దెబ్బ స్వల్పమైనచో, కంపెనీ నుండి రాబోవు మొత్తమును, పోబోవు బోనసును ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పిదప క్లెయిం చేయవలెనో వలదో నిర్ణయించుకొనుట వివేకము.

అసలు వివాదము పుట్టునది మరియొక చోట. యజమాని ఎంచుకొన్న షెడ్డు 40,000 అంచనా వేసెను. సర్వేయరు 30,000 చాలుననెను. అప్పుడేమి చేయవలెను? బండిని అప్పగించి ఊరకుండరాదు. ఏ పద్దులో ఎంత తగ్గించినారో, ఎందుకు తగ్గించినారో వ్రాతమూలముగ అడుగవలెను. మార్చవలసిన భాగమును టింకరింగుతో సరిపుచ్చవచ్చునని సర్వేయరు అనినచో, షెడ్డు పెద్ద మేస్త్రిని ఆతనితో ఎదురెదురుగ మాటలాడింపవలెను. విప్పిన తరువాత లోపలి నష్టము బయటపడినచో పనిని ఆపి, మరల సర్వే కోరవలెను. సర్వేయరు నివేదిక ముఖ్యమైనదే గాని, అదియే తుది మాట కాదని 2009లో ఒక లారీ ప్రమాదపు వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యములో యజమానిని నిలువబెట్టినవి మరమ్మతు బిల్లులే. కాగితము లేని నిజము కచ్చేరిలో నిలువదు.

అంచనా పెంచి వ్రాసినచో లాభమని తలచువారును కలరు. అది న్యాయము కాదు, క్షేమమును కాదు. బాగుచేయు ఖర్చు పాలసీలో వ్రాసిన బండి విలువలో 75 శాతమునకు మించినచో, బండి పూర్తిగ నష్టపోయినట్లే లెక్కింపబడును. అప్పుడు ఏ షెడ్డు అను ప్రశ్నయే మిగులదు.

వారంటీ మాటకు వత్తము. బయట బాగు చేయించినంత మాత్రమున కారు వారంటీ సమస్తము పోవునను భయము ప్రజలలో నాటుకొనియున్నది. 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియావారు 14 కార్ల కంపెనీలపై 2,500 కోట్ల రూపాయలకు మించిన జరిమానా విధించిరి. విడిభాగములను, పరీక్షా సాధనములను స్వతంత్ర మెకానిక్కులకు అందనీయకుండుట పోటీకి విఘాతమని వారు తేల్చిరి. బయట బాగు చేయించుకొన్నచో వారంటీ రద్దగునను గంపగుత్త షరతును కూడ తప్పుపట్టిరి. కంపెనీలు దీనిపై పై న్యాయస్థానములకు పోయినవి. కావున ఈ ఆజ్ఞను చూపి ప్రతి తగవును గెలువవచ్చునని చెప్పజాలము. అయినను న్యాయము ఏ దెస నున్నదో ఇది తెలుపుచున్నది. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కును గూర్చి ప్రారంభించిన పోర్టలులో మోటారు వాహనములును చేరియున్నవి. అయితే బయటి పనివాని లోపము వలన చెడిన భాగమునకు కార్ల కంపెనీ పూచీపడదను మాట న్యాయమైనదే.

హక్కు ఉన్నదని ఎచ్చటనైనను ఇయ్యవచ్చునా? విజయవాడ ఆటోనగరులోను, మన ఇతర పట్టణముల షెడ్లలోను, నలిగిన రేకును చేతి సుత్తితో తీర్చి మునుపటి రూపునకు తెచ్చు మేస్త్రీలు కలరు. అట్టి పనికి వారి చేయి పెద్ద గ్యారేజీలకు తీసిపోదు. కాని ఎయిర్ బ్యాగు విచ్చుకొన్న బండికి, ముందు అద్దము వెనుక కెమెరా అమర్చిన బండికి, విద్యుత్ కారు బ్యాటరీకి తగు సాధనములు, శిక్షణ పొందిన పనివారు ఉన్న చోటే శరణ్యము. ప్రాణరక్షణకు సంబంధించిన పనిలో చవకను చూడరాదు. కావున మూడు సంగతులు అడుగవలెను: ఈ పని మీరు పూర్వము చేసినారా? వేయు భాగములు కంపెనీవా, ఇతరులవా, బిల్లుపై వ్రాసి ఇత్తురా? చేసిన పనికి ఎన్ని నెలల పూచీ?

బండి షెడ్డులో ఉన్నంత కాలము వివేకియైన మనుష్యుడు తన వస్తువును చూచుకొనునట్లు దానిని చూచు బాధ్యత షెడ్డువారిదని కాంట్రాక్టు చట్టము 151వ సెక్షను చెప్పుచున్నది. యజమాని అనుమతి లేక దానిని వారి సొంత పనులకు వాడరాదు. అప్పగించునాడు మీటరు అంకెను, పెట్రోలు మట్టమును, లోపలి వస్తువులను వ్రాసి సంతకము తీసికొన్నచో పిమ్మట మాట పట్టింపులుండవు. తిరిగి తీసికొనునాడు మార్చిన పాత భాగములను చూపుమని అడుగవలెను. పగటి వెలుతురులో రంగును చూచి, బండిని కొంత దూరము నడిపి, బ్రేకులు, స్టీరింగు సరిగనున్నవని తెలిసికొన్న తరువాతనే “పని తృప్తికరముగ జరిగినది” అను కాగితముపై సంతకము చేయవలెను. ఆ సంతకము కంపెనీ గ్యారేజీకి డబ్బు చెల్లించుటకు ఆధారము. తృప్తి లేనిచో ఆ సంగతియే దానిపై వ్రాయవలెను.

ఇంత చేసినను న్యాయము జరుగనిచో త్రోవలు కలవు. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. బీమా భరోసా పోర్టలులోను ఫిర్యాదు నమోదు చేయవచ్చును. ఒక నెలలో జవాబు రానిచో, వచ్చిన జవాబు సమ్మతము కానిచో, ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌కు విన్నవింపవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకు ఆ కార్యాలయము హైదరాబాదులో ఉన్నది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయల వరకు పరిహారము ఇప్పించు అధికారము ఆయనకు కలదు. ఆయన తీర్పునకు కంపెనీ కట్టుబడవలెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనును రెండేండ్ల లోపల ఆశ్రయించుట మరియొక మార్గము. తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయు వీలు ఈ చట్టము కల్పించినది. షెడ్డువాని పనిలో లోపమున్నచో ఆతనిపై ఫిర్యాదు చేయుటకును ఇదే చోటు.

ప్రమాదము చెప్పిరాదు. కాని దానిని ఎదుర్కొను సన్నాహము మన చేతిలో ఉన్నది. కారు గల ప్రతివారును తీరిక వేళ తమ పాలసీని ఒక్కసారి తెరచి, సొంత నష్టపు బీమా ఉన్నదా, గ్యారేజీని గూర్చి షరతు ఏమైన కలదా, తరుగుదల కోతకు అదనపు రక్షణ ఉన్నదా అని చూచుకొందురు గాక. నమ్మకమైన షెడ్డు ఒకదానిని ముందుగనే ఎంచి, దాని టెలిఫోను సంఖ్యను పాలసీ కాగితములతోపాటు బండిలో ఉంచుకొన్నచో, నడిరోడ్డుపై పరుల మాటకు తల ఊపవలసిన అగత్యము తప్పును.